నువ్వుగింజంత ముక్క

ఆమె అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ల్యాబులో ఎవరికీ అక్కర్లేదు. అందరికీ మైక్రానక్క. మిల్లీమీటరును వెయ్యి పాళ్ళు చేస్తే అందులో ఒక పాలు మైక్రాను. ఆమె కోసే పొర మందం నాలుగు మైక్రాన్లు. అంత పల్చగా కోసే మనిషి ఇంట్లో రొట్టె ఎలా కోస్తుందో చూడాలని డాక్టర్లు వేళాకోళం చేస్తే, "ఇటుకల్లా వస్తాయి సార్, అక్కడ మెషీను లేదుగా" అనేది, మొహంలో నవ్వు కనపడనివ్వకుండా. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా కదిపితే, "మాట్లాడకండి, పొర ఎగిరిపోతుంది" అనేది. దాంతో ఆ సంగతి అక్కడికి సరి.

ఆస్పత్రి వెనక వైపు, కింది అంతస్తులో ఉంటుంది ఆ గది. కిటికీలోంచి చూస్తే ఆక్సిజన్ సిలిండర్లు దింపే చోటు తప్ప ఇంకేమీ కనపడదు. ఇరవై ఏడేళ్ళుగా ఆమె ఆ కిటికీ పక్కనే కూర్చుంటోంది. ఒంట్లోంచి తీసిన ముక్క ఏదైనా మందుల్లో నాని, నీరంతా పోయి, మైనంలో కూరుకుని, చిన్న సబ్బు బిళ్ళంత దిమ్మగా ఆమె ముందుకొస్తుంది. దాన్ని కోత యంత్రానికి బిగించి చక్రం తిప్పితే బ్లేడు మీంచి పొర లేస్తుంది. ఆ పొరను కుంచెతో అందుకుని, వెచ్చని నీళ్ళ తొట్టిలో తేలేసి, ముడతలు విడిపోయాక గాజు స్లైడు మీదికి ఎత్తుకోవాలి. చెప్పడానికి ఇంతే. చెయ్యడం రావడానికి ఏళ్ళు పడుతుంది. ఊపిరి కాస్త గట్టిగా వదిలినా పొర ఎగిరిపోతుంది కాబట్టి జలుబు చేసినవాళ్ళు ఆ గదిలోకి రాకూడదు. అది ఆమె పెట్టిన చట్టమే.

మామూలు రంగు వేస్తే క్యాన్సరు క్యాన్సరులాగే కనపడుతుంది గానీ, ఎక్కడ పుట్టిందో అన్నిసార్లూ చెప్పదు. ఆడవాళ్ళ విషయంలో ఈ తంటా మరీ ఎక్కువ. గర్భసంచి లోపలి పొరలో పుట్టినదీ, గర్భసంచి ముఖద్వారంలో పుట్టినదీ పక్కపక్కన పెడితే ఒక్కోసారి కవలల్లా ఉంటాయి. అప్పుడు ప్రొటీన్లను అడగాలి. ప్రతి కణం తన పుట్టింటి ప్రొటీన్లను కొన్ని మోసుకునే తిరుగుతుంది. ఫలానా ప్రొటీనుకే అతుక్కునే మందు వేసి, దాని మీద రంగు వేస్తే, అది ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. లేకపోతే అంతా నీలంగానే ఉండిపోతుంది. వీటినే మార్కర్లంటారు. ఒక్కో మార్కరుకు ఒక్కో కొత్త పొర కావాలి. ముక్క పెద్దదైతే బాధ లేదు. సన్నటి గొట్టంతో గిల్లి తెచ్చిన నువ్వుగింజంత ముక్కైతేనే ప్రాణం మీదికొస్తుంది.

ఎందుకంటే, యంత్రంలోంచి ఒకసారి తీసిన దిమ్మను ఎంత చెయ్యి తిరిగిన మనిషి మళ్ళీ బిగించినా అది మునుపటి వాలులో కూర్చోదు. వెంట్రుకవాసి తేడా వస్తుంది. ఆ తేడా సరిచేసేలోపు పది పదిహేను పొరలు పొట్టుగా రాలిపోతాయి. పెద్ద ముక్కకు అదో లెక్క కాదు. చిన్న ముక్కకు అదే మొత్తం. అందుకే యంత్రం పైన గోడకు ఆమె చేతిరాతతో ఒక అట్ట వేలాడుతూ ఉంటుంది: 'చిన్న ముక్కకు ఒకేసారి పది. మళ్ళీ బిగిస్తే పోతుంది.' ఒకటి మామూలు రంగుకి, మిగతా తొమ్మిదీ జిగురు పూసిన స్లైడ్ల మీద, ఎవరైనా మార్కర్లు అడుగుతారేమోనని. నూటికి తొంభై అయిదుసార్లు ఎవరూ అడగరు. మూణ్ణెల్లకోసారి ఆ స్లైడ్ల పెట్టెలు తీసి పారేసేది కూడా ఆమే.

ఈ మిగులుంచే బుద్ధి ఆమెకు వదిన నేర్పింది. తల్లి పోయేనాటికి ఆమెకు తొమ్మిదేళ్ళు. పెళ్ళై కొత్తగా ఇంట్లో అడుగుపెట్టిన వదిన, గుమ్మం వెనక నక్కిన ఈ పిల్లను చూసి, "అదేంటండీ, కూతురు కూడా ఉందని నాకు చెప్పలేదే!" అందట అన్నయ్యతో. వేళాకోళానికి అన్న ఆ మాటను వదిన జీవితాంతం నిలబెట్టుకుంది. పిల్లలు పుట్టలేదు. చిన్నప్పటి నుంచీ గుండె కవాటం సరిగా లేదు, పిల్లల్ని కనే సాహసం చెయ్యొద్దన్నారు డాక్టర్లు. ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. కత్తెర ఎలా పట్టుకోవాలో, గుడ్డ ఎటు లాగితే సాగుతుందో ఆడపడుచుకు నేర్పింది ఆ గదిలోనే. కొలతకు సరిగ్గా కత్తిరించకూడదు, రెండు వేళ్ళు ఎక్కువ వదలాలి అనేది. "మనుషులు లావవుతారు పిల్లా, గుడ్డ లావవదు." పీలికలు కూడా పారేసేది కాదు. ఎవరి గుడ్డ ముక్కకు వాళ్ళ పేరు చీటీ కుట్టి సంచిలో వేసేది. నాలుగేళ్ళ తర్వాత మోచేతి దగ్గర చిరిగిందని ఎవరైనా వస్తే, అదే గుడ్డతో మాసిక వేసి పంపేది.

పన్నెండేళ్ళప్పుడు, వదినకు సాయం చేద్దామని, ఒక టీచరమ్మ తెచ్చిన పూల గుడ్డను పిల్ల తలకిందులుగా కత్తిరించేసింది. పువ్వులన్నీ శీర్షాసనం వేశాయి. టీచరమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. "నా చెయ్యే జారిందండీ, కళ్ళు ఆనడం లేదు, వయసు మీద పడుతోంది" అంది వదిన. అప్పటికి వదినకు ఇరవై ఎనిమిదేళ్ళు. తలుపు చాటున నిలబడి వింటున్న పిల్లను ఆ తర్వాత ఒక్క మాట కూడా అనలేదు. రెండు రోజులు కత్తెర మాత్రం దాచేసింది.

ఇక అసలు సంగతి. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, తప్పు ఆమెదే. తోటి టెక్నీషియన్ వారం రోజులు సెలవు పెట్టాడు. ఆ బుధవారం బల్ల మీద అరవై నాలుగు దిమ్మలు. మనుషుల పేర్లు కౌంటరు కాగితాల దగ్గరే ఆగిపోతాయి, లోపలికి నంబర్లే వస్తాయి. మూడువేల నూట పదిహేడో నంబరు దిమ్మలో నువ్వుగింజంత ముక్క, దాని చుట్టూ మైనం ఏటవాలుగా గడ్డకట్టింది. "ఈ మొహానికి వంకర కూడానా" అని తిట్టుకుంటూ చక్రం తిప్పింది. వాలు సరయ్యేసరికే చాలా పొట్టు రాలింది. మంచి పొర లేవగానే మామూలు స్లైడు మీదికి ఎత్తుకుంది. మిగతా తొమ్మిదీ కొయ్యలేదు. తలెత్తి అట్టను చూసింది కూడా. ఒక్కరోజు కొయ్యకపోతే కొంపలేం మునగవులే అనుకుంది. రాలిన పొట్టును కుంచెతో చెత్తబుట్టలోకి తోసేసి, తర్వాతి నంబరు బిగించింది.

పదకొండు రోజుల తర్వాత, మధ్యాహ్నం ఆమె భోజనం డబ్బా విప్పుతుండగా అన్నయ్య గుమ్మంలో నిలబడ్డాడు. ల్యాబుకు రావడం అదే మొదటిసారి. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం.

"మీ వదినకి బాలేదు చెల్లీ," అన్నాడు. "నాలుగు నెలలుగా రక్తం పోతోందట. నాకే మొన్న చెప్పింది. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. మా వీధి క్లినిక్కులో ముక్క తీసి ఇక్కడికే పంపారు. ఇంకా ఏవో పరీక్షలు చెయ్యాలంటున్నారు. కాస్త చూడు."

కాగితం విప్పింది. పైన వదిన పేరు, కింద నంబరు. ఆ నంబరు ఆమెకు గుర్తుంది, తిట్టుకున్న దిమ్మ కదా. భోజనం డబ్బా మూత మళ్ళీ పెట్టేసింది.

వదిన బయట వరండాలో బెంచీ మీద కూర్చుని, పక్కావిడకు గొప్పలు చెబుతోంది. "మా ఆడపడుచు ఇక్కడే అండీ. వెంట్రుకను నిలువునా నాలుగు చీలికలు చేస్తుంది. నా ముక్క దాని చేతిలోనే పడింది. ఇంక నాకేం భయం?"

"నాకెందుకు చెప్పలేదు వదినా?" అని అడిగింది ఆమె.

"చెప్తే నీ చెయ్యి వణకదూ? తెలియకపోతే శుభ్రంగా కోస్తావని."

వదిన భుజం మీది దారప్పోగు ఒకటి తీసి, పారెయ్యకుండా పిడికిట్లో పట్టుకుని లోపలికొచ్చింది.

మైక్రోస్కోపు చూసే డాక్టరమ్మ మంచిది. దాచకుండా చెప్పింది. మామూలు స్లైడులో క్యాన్సరని తెలుస్తోంది, పుట్టిల్లు మాత్రం తెలియడం లేదు. అప్పటికే లోపలి పొరలోనూ ముఖద్వారంలోనూ ఉంది, ఊపిరితిత్తుల్లోనూ మచ్చలున్నాయి. ఆ గుండెతో ఆపరేషన్ తట్టుకోలేదు, గట్టి మందులూ తట్టుకోలేదు. మిగిలింది ఒకే దారి.

"లోపలి పొరదై, హార్మోను మార్కరు గోధుమరంగొచ్చిందనుకో, మాత్రలతో ఏడాదో రెండేళ్ళో ఆపొచ్చక్కా. కొందరికి ఇంకా ఎక్కువే. ముఖద్వారానిదైతే ఆ మాత్రలు పనిచెయ్యవు. గుడ్డిగా ఇచ్చి చూద్దామంటే వాటితో రక్తం గడ్డకడుతుంది, ఆవిడ గుండెకి అది చాలు. మార్కరు లేకుండా ఏ డాక్టరూ రాయడు. నాలుగు మార్కర్లు పెడదాం. మిగులు స్లైడ్లున్నాయిగా?"

"లేవు," అంది ఆమె.

డాక్టరమ్మ గోడ మీది అట్ట వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

"ఇంకోసారి ముక్క తియ్యొచ్చుగా మేడమ్?"

"క్లినిక్కుతో మాట్లాడాను. మొదటిసారి ముక్క కోసం, గుండెకని వేసుకునే రక్తం పల్చబడే మాత్ర నాలుగు రోజులు ఆపితేనే కాల్లో రక్తం గడ్డకట్టి వాచింది. మాత్ర వేసుకుంటూ తీస్తే రక్తం ఆగదు. గుండె డాక్టరు కుదరదన్నాడు."

ఆమె దిమ్మను మంచు మీద పెట్టి చల్లబరిచింది. కొత్త బ్లేడు వేసింది. బిగింపు మరలు ఒక్కో చుట్టులో పావు వంతు తిప్పుతూ, కంటిని దిమ్మ ఎత్తుకి దించి, మళ్ళీ తిప్పి, మళ్ళీ చూసి, అరగంటసేపు వాలు సరిచేస్తూనే ఉంది. తోటి టెక్నీషియన్ ఫ్యాను ఆపేసి ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. మొదటి తిప్పుకు బ్లేడు ఒక మూలను మాత్రమే తాకింది. రెండో తిప్పుకూ అంతే. ఆరో తిప్పుకు సగం. ఈసారి పొట్టును ఆమె పారెయ్యలేదు, ఒక్కో రేకునూ నల్ల కాగితం మీద వరుసగా పేర్చింది. తొమ్మిదో తిప్పుకు నిండు పొర లేచింది. దాని తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత వచ్చినదంతా ఉత్త మైనం.

రెండు పొరల్లో ఒకదానికి ముందు మామూలు రంగు వేసి చూశారు. రక్తం, జిగట, కాస్త నార. క్యాన్సరు కణం ఒక్కటి లేదు, రెండోదానిలోనూ అంతే. పేర్చిన రేకులూ చూశారు, నలిగి చిరిగిన వాటిలో ఏదీ పోల్చడానికి వీల్లేదు. ఉన్న కణాలు ఆ రేకుల్లో చితికిపోయాయి, మిగిలినవి పదకొండు రోజుల కిందటి పొట్టులో పోయాయి. ఆ పొట్టు ఆ బుధవారం సాయంత్రమే ఆస్పత్రి చెత్త కాల్చే కొలిమిలో కాలిపోయింది. అది తెలిసి కూడా ఆమె వెళ్ళి బుట్టలో చూసింది. చూడకుండా ఉండలేకపోయింది.

ఇక లోకం మొత్తం మీద వదిన క్యాన్సరు కణాలు గాజు మీద ఉన్నది ఒక్కచోటే, ఆ బుధవారం రంగు వేసిన మొదటి స్లైడులో. దాని మీది రంగును కడిగేసి, అదే పొర మీద హార్మోను మార్కరు వెయ్యొచ్చు. ఒక్కటంటే ఒక్క మార్కరు, ఒక్కసారి. ల్యాబులో ఎప్పుడో ఒకసారి చేసిన పనే.

"చేద్దామా?" అంది డాక్టరమ్మ. "అది మామూలు గాజు. జిగురు లేదు. మార్కరు పట్టడానికి ముంచే వేడి మందులో ఊడిపోవచ్చు."

"చెయ్యకపోతే ఏముంది మేడమ్ మన దగ్గర?"

పొర మీద కప్పి అతికించిన పైగాజు ఊడడానికి రెండు రోజులు నానబెట్టింది. లాగితే పొర కూడా వస్తుంది కాబట్టి దానంతటదే జారేదాకా కాచుకుంది. మూడో రోజు పొద్దున రంగు కడిగింది. గులాబీ, ఊదా రంగులు కరిగిపోయి, పొర తెల్లటి మరకలా మిగిలింది. వెలుగుకు పెట్టి చూస్తే ఉంది. ఈ మార్కరుకు తప్పకుండా గోధుమరంగొచ్చే ఇంకెవరిదో పెద్ద ముక్క పొరను, మందు పనిచేసిందో లేదో తెలియడానికి, జిగురు గాజు మీద తోడుగా పెట్టింది. రెండు స్లైడ్లనూ వేడి మందులోకి దించింది. ఇరవై నిమిషాలు. దేవుణ్ణి నమ్మే మనిషి కాదు గానీ, ఆ ఇరవై నిమిషాలూ ఎవరికో దణ్ణం పెడుతూనే ఉంది. మందు చల్లారేదాకా ఆగింది. పైకి తీసి కిటికీ దగ్గర పట్టుకుంది.

తోడు స్లైడు మీద పొర చెక్కుచెదరలేదు. రెండోది శుభ్రంగా ఉంది, అప్పుడే పెట్టెలోంచి తీసిన గాజంత శుభ్రంగా. ఊడిన పొర మందులోనే ముద్దై ఎక్కడో తిరుగుతుందని తెలుసు, దాన్ని తీసినా పనికిరాదనీ తెలుసు. అయినా మధ్యాహ్నందాకా ఆ మందును గుడ్డలో వడకడుతూనే ఉంది. చివరికి తోటి టెక్నీషియన్ వచ్చి చేతిలోంచి గిన్నె తీసుకున్నాడు.

'రకం తేల్చడానికి ముక్క చాలలేదు' అని రిపోర్టు రాశారు. ముక్క ఎందుకు చాలలేదో రాయడానికి ఫారంలో గడి లేదు.

ఆ ఆదివారం పొద్దున్నే వదిన ఇంటికెళ్ళింది. అన్నయ్య మందుల షాపుకు వెళ్ళాడు. వదిన మిషను ముందు కూర్చుంది గానీ కుట్టడం లేదు, సంచిలోంచి పాత పీలికలు తీసి, "వీళ్ళు ఊరొదిలి వెళ్ళిపోయారు, వీడు లావైపోయాడు" అంటూ చీటీలు చదువుకుంటోంది. ఆమె నేల మీద కూర్చుని మొత్తం చెప్పేసింది. బుధవారం, అరవై నాలుగు, అట్ట, పొట్టు, ఊడిన పొర, అన్నీ. ఏడవకుండా చెప్పాలనుకుంది గానీ ఆమెవల్ల కాలేదు.

వదిన చేతిలోని పీలికను మడిచింది.

"ఎంత ఉండింది ముక్క?"

"నువ్వుగింజంత."

"మిగులు ఎన్ని కొయ్యాలి?"

"తొమ్మిది."

"ఒక్కటి కూడా కొయ్యలేదా?"

"లేదు వదినా."

"చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది కదే," అంది వదిన. కోపంగా కూడా అనలేదు. తర్వాత చేతిలోది పక్కన పెట్టి, "నాకు చావాలని లేదు పిల్లా. చాలా భయంగా ఉంది," అంది. ఆడపడుచు ఆ మోకాళ్ళ మీద తల పెట్టింది. వదిన చెయ్యి వెంటనే రాలేదు. చాలాసేపటికి వచ్చింది.

గేటు చప్పుడైంది. "మీ అన్నయ్యకు చెప్పకు," అంది వదిన గబగబా.

"చెప్తాను. తిడితే తిట్టనీ, కొడితే కొట్టనీ."

"తిట్టి ఊరుకునే మనిషైతే నేనే చెప్పమందును. ఆయన నీ మొహం చూడడు మళ్ళీ. నేను పోయాక ఎవరింట్లో తింటాడు? టీ పెట్టుకోవడం కూడా రాదు ఆయనకి. నా మీద ఒట్టు."

అన్నయ్య లోపలికి రాగానే వదిన మిషను పెడలు మీద కాలు పెట్టి, "ముక్క చాల్లేదటండీ. ఆ క్లినిక్కు డాక్టరు మరీ చిన్నది తీశాడట. పాపం, ఇది మాత్రం ఏం చేస్తుంది?" అంది. గొంతు కొంచెమైనా తడబడలేదు. పూల గుడ్డ రోజున టీచరమ్మతో మాట్లాడిన గొంతే అది.

వదిన ఏడు నెలలు బతికింది. అందులో చివరి రెండు నెలలనూ బతకడమంటే అబద్ధం. మాత్రలతో ఆగేదేనా, ఆగనిదా? ఆ సంగతి ఇప్పటికీ ఎవరికీ తెలియదు, ఇకముందు తెలిసే దారీ లేదు. ఆమె దాని గురించి ఆలోచించని పూట లేదు. ఇప్పుడు చిన్న ముక్క ఎవరిదొచ్చినా ఒకేసారి పదిహేను పొరలు కోస్తుంది. పెట్టెలు అలమార దాటి కిటికీ దాకా పేరుకున్నాయి. మూణ్ణెల్లు దాటినా పారెయ్యదు. "అక్కా, మనం కూర్చోడానికి చోటుంచుతావా?" అంటాడు తోటి టెక్నీషియన్. మైక్రానక్క అని మాత్రం ఎవరూ పిలవడం లేదు. పిలవొద్దని ఆమే చెప్పింది.

అన్నయ్య ఒకరోజు క్లినిక్కుకు వెళ్ళి, రోగులందరి ముందూ ఆ డాక్టరు చొక్కా పట్టుకున్నాడు. "రవ్వంత ఎక్కువ తీస్తే నీ సొమ్మేం పోయిందిరా?" అని అరిచాడు. ముసలి డాక్టరు ఎదురు చెప్పలేదట. నిజమేనేమో అనుకున్నాడో ఏమో, తలవంచుకుని నిలబడ్డాడట. ఆ సంగతి అన్నయ్యే వచ్చి చెప్పాడు, కాస్త గర్వంగా కూడా.

రోజూ సాయంత్రం ఏడింటికి అన్నయ్య ఆమె ఇంటికి భోజనానికొస్తాడు. చేతులు కడుక్కుని కూర్చుంటాడు. నాలుగు ముద్దలు తిన్నాక ఆగుతాడు. ఏం గుర్తొచ్చిందో ఆమె అడగదు. నిన్న కూడా అంతే, కంచంలోకి చూస్తూ, "ఆ ముక్క పాడుచేసిన చెయ్యి పడిపోవాలి చెల్లీ. పుచ్చి పడిపోవాలి," అన్నాడు.

ఆమె చేతిలో గరిటె ఉంది.

"ఇంకొంచెం వెయ్యనా అన్నయ్యా?"

"వెయ్యి," అని కంచం ముందుకు జరిపాడు.